బెజవాడ ప్లాను గుంటూరుకు పనికొస్తుందా? వాననీటిపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వాననీటి గురించే. విజయవాడ, గుంటూరు, తాడేపల్లి నుంచి రాసినవాళ్ళే ఎక్కువ. "అక్కడ ఒక రూలు, ఇక్కడ ఒక రూలు ఎందుకు?" అన్న సందేహం చాలామందిలో ఉంది. అందుకని ముందు ఆ ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: మాకు పటమటలో 300 గజాల్లో ఇల్లుంది. అప్పట్లో ఇంకుడు గుంత చూపిస్తేనే ప్లాను ఇచ్చారు. ఇప్పుడు గుంటూరు విద్యానగర్‌లో 230 గజాల స్థలంలో కట్టబోతున్నాం. ఇక్కడి మేస్త్రి "గుంటూరులో ఆ రూలు లేదండీ" అంటున్నాడు. రెండు ఊళ్ళకీ రూల్సు వేరా?
— ఒక పాఠకుడు, పటమట

జవాబు: వేరు కాదండీ. రెండు నగరపాలక సంస్థలూ పాటించాల్సిన పుస్తకం ఒక్కటే. 2017 మార్చిలో జీవో 119గా వచ్చిన ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనలు రాష్ట్రమంతటికీ వర్తిస్తాయి. తర్వాత వాటికి సవరణలు చాలా వచ్చాయి కాబట్టి, ప్లాను పెట్టే రోజుకి అమల్లో ఉన్న ప్రతిని మీ ఎల్‌టీపీ (ప్లాను గీసి పెట్టే లైసెన్సుదారు) దగ్గర చూడండి. ఇంకుడు గుంతకు అసలు ఆధారం అంతకంటే పాతది, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం. 200 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాల్లో కొత్తగా ఏం కట్టినా వాననీటి నిల్వ లేదా ఇంకుడు ఏర్పాటు అందులో భాగంగా ఉండాలని ఆ చట్టం చెబుతుంది.

తేడా వచ్చింది ఊరి వల్ల కాదు, గజాల వల్ల. చట్టం మీటర్లలో మాట్లాడుతుంది, మనం గజాల్లో మాట్లాడతాం. 200 చదరపు మీటర్లంటే సుమారు 239 గజాలు. మీ పటమట స్థలం 251 చదరపు మీటర్లు, గీతకు పైన ఉంది. గుంటూరు స్థలం 192 చదరపు మీటర్లు, గీతకు కింద ఉంది. మేస్త్రి చెప్పిన కారణం తప్పు. అయితే ఒక జాగ్రత్త: ప్లాను మంజూరు పత్రం వెనక ముద్రించిన షరతుల్లో ఇంకుడు గుంత రాసి ఉంటే స్థలం ఎంతున్నా కట్టాల్సిందే. అపార్టుమెంటు కట్టేవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం. కట్టే విస్తీర్ణంలో కార్పొరేషన్‌కు తనఖా పెట్టిన 10 శాతం విడుదల కావాలంటే ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) రావాలి, ఓసీ ఇచ్చేముందు తనిఖీకి వచ్చేవాళ్ళు షరతుల కాగితం పట్టుకునే తిరుగుతారు.

కాగితం మీద రూలు ఒక్కటే అయినా నీళ్ళు వెళ్ళే దారి రెండు ఊళ్ళలో ఒకటి కాదు. విజయవాడకు ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క బుడమేరు, నడుమ ఏలూరు, బందరు, రైవస్ కాలువలు. గుంటూరుకు నది లేదు. ఊళ్ళో వాన చాలావరకు పీకలవాగును పట్టుకునే బయటపడాలి. రాష్ట్ర విభజన తర్వాత రెండు నగరాలకూ కలిపి కేంద్రం 1000 కోట్లు ఇచ్చినప్పుడు విజయవాడ వాటా వాననీటి కాలువలకు, గుంటూరు వాటా భూగర్భ మురుగు వ్యవస్థకు (యూజీడీ) కేటాయించారు. అవసరాలు అంత వేరు. రెండు పనులూ ఏళ్ళ తరబడి సాగి జనాన్ని విసిగించాయి. ఆ తేడా మీ ఇంటి గుమ్మం దగ్గరే కనిపిస్తుంది. విజయవాడలో యూజీడీ ఉన్న వీధిలో మరుగుదొడ్డి నీరు ఒక గొట్టంలో, డాబా నీరు ఇంకో కాలువలో పోవాలి. గుంటూరులో యూజీడీ కనెక్షన్ అందని వీధుల్లో సెప్టిక్ ట్యాంకు పొంగు, వంటింటి నీళ్ళు, వాన అన్నీ ఒకే సైడు కాలువలో పడతాయి. కొత్త ఇల్లు కట్టేటప్పుడే వాన గొట్టాన్ని, మురుగు గొట్టాన్ని విడిగా గేటు దాకా తెచ్చి పెట్టుకోండి. రేపు యూజీడీ వచ్చాక గచ్చు పగలగొట్టే పని తప్పుతుంది.

విజయవాడలో చాలామంది చేసే పొరపాటు కూడా చెప్పాలి. డాబా గొట్టం తెచ్చి దగ్గరున్న యూజీడీ ఛాంబర్‌లో దింపేస్తారు. మురుగు గొట్టాన్ని ఇంటింటి వాడకం నీళ్ళ లెక్కతో వేస్తారు, వాన లెక్కతో కాదు. 120 చదరపు మీటర్ల డాబా మీద గంటలో 50 మిల్లీమీటర్లు కురిస్తే 6000 లీటర్లు, అంటే ఒక కుటుంబం వారం పైగా వాడే నీరు గంటలో దిగుతుంది. వీధిలో పది ఇళ్ళు అలా చేస్తే పల్లంలో ఉన్న ఇంటి బాత్‌రూమ్‌లోంచి మురుగు పైకి తన్నుతుంది.

ప్రశ్న: కొరిటెపాడులో ఇల్లు కట్టి రెండేళ్ళయింది. విజయవాడలో మా అన్నయ్యగారింట్లో బాగా పనిచేస్తున్న ఇంకుడు గుంత కొలతలే తెచ్చి ఇక్కడ తవ్వించాం: అయిదడుగుల చదరం, ఆరున్నర అడుగుల లోతు, లోపల కంకర. వాన పడితే వారం దాకా నీళ్ళు నిలిచి దోమలు. గుంత పక్క గోడలో సన్నటి పగులు కూడా వచ్చింది. లోపం ఎక్కడుంది?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: లోపం మట్టిలో ఉందమ్మా, మేస్త్రి పనిలో కాదు. అన్నయ్యగారి ఇల్లు కృష్ణ ఒండ్రు మట్టి మీద ఉండి ఉంటుంది, మీది నల్లరేగడి. లెక్క వేసి చూపిస్తాం.

మీ గుంత సుమారు 1.5 × 1.5 × 2 మీటర్లు, అంటే 4,500 లీటర్ల పరిమాణం. కానీ కంకర నింపాక రాళ్ళ మధ్య ఖాళీ 40 శాతమే. కాబట్టి నిజంగా పట్టేది 1,800 లీటర్లు. అడుగు, నాలుగు పక్కలు కలిపి నీరు ఇంకే వైశాల్యం 14 చదరపు మీటర్ల పైచిలుకు. ఇసుక కలిసిన మట్టిలో గంటకు 30 మిల్లీమీటర్లు దిగుతాయనుకుంటే గంటకు 420 లీటర్లు ఇంకుతాయి, నాలుగైదు గంటల్లో గుంత ఖాళీ. తడిసి ఉబ్బిన నల్లరేగడిలో గంటకు 1 మిల్లీమీటరు దిగడమే గగనం. అంటే గంటకు 14 లీటర్లు. గుంత ఖాళీ కావడానికి అయిదు రోజుల పైనే. ఈలోపు ఇంకో వాన పడుతుంది. మీరు చెప్పిన వారం అలా వచ్చిందే.

పగులు సంగతి ఇంకా ముఖ్యం. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఇల్లంతా ఒకేలా తడిస్తే పెద్ద ఇబ్బంది లేదు. ఒక మూలే నానుతూ మిగతా మూడు మూలలు పొడిగా ఉంటే పునాది ఆ మూల పైకి లేస్తుంది, ఎండాకాలంలో దిగుతుంది. గోడ మూల నుంచి కిటికీ చట్రం వైపు ఏటవాలుగా పాకే పగులు దాని గుర్తు. ముందు డాబా గొట్టాన్ని ఆ గుంత నుంచి తప్పించి తాత్కాలికంగా సైడు కాలువకు మళ్ళించండి. పగులు మీద పెన్సిల్‌తో అడ్డగీత గీసి, తేదీ వేసి, నెలనెలా వెడల్పు చూడండి. పెరుగుతుంటే స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవాలి.

ఇప్పుడు ఏం చేయాలి? నల్లరేగడిలో రెండు దారులున్నాయి. మొదటిది ఇంకించడం మానేసి నిల్వ చేసుకోవడం. 5,000 లీటర్ల సంపు లేదా ప్లాస్టిక్ ట్యాంకు పెట్టి, డాబా నీటిని మెష్, ఇసుక వడపోత గుండా పంపి మొక్కలకు, ఫ్లష్‌కు వాడుకోవచ్చు. సీజన్‌లో మొదటి వాన నీటిని మాత్రం బయటికి వదిలేయాలి. డాబా దుమ్ము, కాకి రెట్టలు అన్నీ ఆ నీటిలోనే వస్తాయి. ఇందుకు దిగువ గొట్టానికి ఒక టీ, దాని కింద మూత పెట్టుకుంటే చాలు.

రెండో దారి, నల్లరేగడి పొరను దాటి కిందున్న మొరం లేదా మెత్తటి రాతిపొరలోకి నీటిని పంపడం. గుంత అడుగు నుంచి 150 మిల్లీమీటర్ల బోరు దించి, కింది భాగంలో చీలికలున్న పీవీసీ కేసింగ్ వేస్తారు. నల్లమట్టి పొర మందం వీధి వీధికీ మారుతుంది. మీ పక్క ఇళ్ళలో బోరు వేసినవాళ్ళు ఎన్నో అడుగున మొరం తగిలిందో చెబుతారు, అది అడగకుండా లోతు ఖాయం చేయకండి. గుంతలో కింద అరవై సెంటీమీటర్లు 40 ఎంఎం కంకర, దానిపైన నలభై అయిదు సెంటీమీటర్లు 20 ఎంఎం కంకర, ఆపైన ముప్పై సెంటీమీటర్లు గరుకు ఇసుక. పొరకీ పొరకీ మధ్య నైలాన్ మెష్. నీరు గుంతలోకి రాకముందే ఒక చిన్న తొట్టిలో మట్టి తేరుకోవాలి. ఆ తొట్టి లేని రీఛార్జ్ బోరు రెండు మూడు వానాకాలాల్లో పూడిపోతుంది, మళ్ళీ తెరవడం దాదాపు కుదరదు. గుంతకు, పునాదికి మధ్య కనీసం మూడు మీటర్లు ఉండాలి. మీ సెట్‌బ్యాక్‌లో (ఇంటి చుట్టూ వదిలిన ఖాళీలో) అంత చోటు లేకపోతే సంపే మేలు. వాకిట్లో కడిగిన నీళ్ళు, కారు కడిగిన నీళ్ళు రీఛార్జ్ బోరులోకి ఎప్పుడూ పోనీయకండి. అందులోకి డాబా నీరు మాత్రమే వెళ్ళాలి.

కొత్తగా తవ్వించబోయేవారికి ఒక పరీక్ష. గుంత అడుగు వచ్చే లోతులో అడుగు చదరం, అడుగు లోతు చిన్న గొయ్యి తీసి సాయంత్రం నీళ్ళు నింపండి. రాత్రంతా నాననిచ్చి పొద్దున మళ్ళీ నింపి, స్కేలు పెట్టి గంటలో ఎంత దిగిందో చూడండి. సెంటీమీటరు కూడా దిగకపోతే మామూలు ఇంకుడు గుంతకు డబ్బు పెట్టకండి. కృష్ణలంక లాంటి చోట్ల దీనికి తలకిందుల సమస్య. మట్టి బాగానే పీలుస్తుంది గానీ నదికి వరదొచ్చినప్పుడు భూగర్భ జలమే పైకి వచ్చి గుంతను కింద నుంచి నింపేస్తుంది. అక్కడ కూడా నిల్వే నయం.

ప్రశ్న: పీకలవాగు పక్కన ఒక స్థలం బేరానికి వచ్చింది. లోతు 60 అడుగులు. "వాగు నుంచి ఆరడుగులు వదిలితే చాలు" అని బ్రోకరు అంటున్నాడు. విజయవాడలో బుడమేరు పక్కన మా బంధువులకు 30 అడుగులు వదలమన్నారు. ఏది నిజం?
— ఒక పాఠకుడు, అరండల్‌పేట

జవాబు: రెండు అంకెలూ ఒకే నిబంధనలోవే. 2017 నిబంధనల ప్రకారం కాలువ, వాగు, నాలా, వాననీటి డ్రైను వెడల్పు 10 మీటర్లకు మించితే హద్దు నుంచి 9 మీటర్లు వదలాలి. 10 మీటర్లు, అంతకు లోపయితే 2 మీటర్లు. 9 మీటర్లంటే 29 అడుగుల 6 అంగుళాలు, 2 మీటర్లంటే ఆరున్నర అడుగులు. చెరువులయితే 10 హెక్టార్లు, ఆపైన ఉన్నవాటికి పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు.

మీ బేరంలో తేలాల్సింది ఒక్కటే, ఆ చోట వాగు వెడల్పు ఎంత. అది ఇప్పుడు కంటికి కనిపించే వెడల్పు కాదు. పూడిక, ఆక్రమణలు, చెత్త కలిసి పన్నెండు మీటర్ల వాగును ఏడు మీటర్లుగా చూపించగలవు. రికార్డులో ఉన్న హద్దే లెక్క. ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే నెంబరు కొలతల పటం) నకలు తీసుకుని, సర్వేయరుతో వాగు పోరంబోకు హద్దు రాళ్ళు పెట్టించుకున్నాకే అడ్వాన్సు మాట ఎత్తండి. సర్వే నెంబరు 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో చూడండి. వెడల్పు 10 మీటర్లు దాటిందని తేలితే మీ 60 అడుగుల్లో మిగిలేది 30 అడుగులే, అందులో మళ్ళీ సెట్‌బ్యాకులు పోవాలి. ధర ఆ మిగిలిన దానికే కట్టాలి.

ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) కోసం ఎవరి దగ్గరికి వెళ్ళాలన్నది ఆ కాలువ ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. బుడమేరు, విజయవాడ మూడు కాలువలు, గుంటూరు ఛానల్ జలవనరుల శాఖవి. వీధుల పక్క డ్రైన్లు కార్పొరేషన్‌వి. రైలు కట్ట కింది తూము రైల్వేది, హైవే పక్క డ్రైను జాతీయ రహదారుల సంస్థది. పూడిక ఫిర్యాదులు పరిష్కారం కాకుండా తిరిగి రావడానికి పెద్ద కారణం ఇదే, అర్జీ ఒక శాఖకు, కాలువ ఇంకో శాఖది. రాసేటప్పుడు "మా వీధి కాలువ" అని కాకుండా ఏ తూము నుంచి ఏ తూము దాకా పూడిందో రాసి ఫోటో పెట్టండి. ముందు వార్డు సచివాలయంలో అమెనిటీస్ కార్యదర్శికి ఇవ్వండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ఫిర్యాదుల వేదిక పీజీఆర్‌ఎస్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి.

ప్రశ్న: సింగ్‌నగర్‌లో ఉంటాం. 2024 వరద తర్వాత గట్టి వాన పడితే చాలు గుండె దడ. వీధి కాలువ నిండగానే బాత్‌రూమ్ జాలీలోంచి నీళ్ళు ఎగదన్నుతాయి. ఇంటివరకు చేయగలిగేదేమైనా ఉందా?
— ఒక గృహిణి, విజయవాడ

జవాబు: ఉందమ్మా. కానీ దేన్ని ఆపగలమో, దేన్ని ఆపలేమో ముందే స్పష్టంగా చెప్పాలి. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో జరిగింది వీధి కాలువ సమస్య కాదు. వెలగలేరు రెగ్యులేటర్ దిగువన బుడమేరు మళ్ళింపు కాలువకు గండ్లు పడి వరద నేరుగా కాలనీల మీదికి వచ్చింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. అలాంటి రోజున ఏ వాల్వూ ఇంటిని కాపాడదు. అప్పుడు చేయాల్సింది మీటరు బోర్డు, ఇన్వర్టర్, మోటారు స్టార్టర్ 2024 నీటి గుర్తుకు పైన ఉండేలా చూసుకుని, హెచ్చరిక రాగానే కదలడమే.

మామూలు గట్టి వానకు ఎగదన్నే నీటిని మాత్రం ఆపొచ్చు. కాలువ చివర బుడమేరు మట్టం పెరిగినప్పుడు వీధి నీరు బయటపడలేక గొట్టాల గుండా ఇళ్ళలోకి వెనక్కి వస్తుంది. మీ ఇంటి ఆఖరి ఛాంబర్‌కు, వీధికి మధ్య ఫ్లాప్ రకం ఎన్‌ఆర్‌వీ (నీటిని వెనక్కి రానివ్వని, రేకు మూత ఉన్న వాల్వు) పెట్టించండి. గొట్టం 110 ఎంఎం అయితే 110, 160 అయితే 160. చెయ్యి దూరి శుభ్రం చేసేలా రెండడుగుల చదరం ఛాంబర్‌లోనే పెట్టాలి, మట్టిలో పూడ్చేయకూడదు. రేకు వీధి వైపు తెరుచుకోవాలి. తిరగేసి బిగిస్తే మీ నీరే బయటికి పోదు. వెంట్రుకలు, కవర్లు రేకులో ఇరుక్కుంటే మూసుకోదు, కాబట్టి మే నెలలో ఒకసారి, వానాకాలంలో నెలకోసారి తీసి కడగాలి.

చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. వాల్వు మూసుకున్నంతసేపూ మీ ఇంటి నీరు కూడా లోపలే ఆగిపోతుంది. డాబా గొట్టం అదే ఛాంబర్‌లో కలిసి ఉంటే మీ వాన నీరే మీ బాత్‌రూమ్‌లో తేలుతుంది. కాబట్టి డాబా నీటిని వాల్వుకు బయట, రోడ్డు మట్టానికి పైన విడిగా వదలాలి. వాల్వు మూసుకున్న గంట రెండు గంటలు బట్టలు ఉతకడం, ట్యాంకు పొంగించడం ఆపేయండి.

మీ వీధిలో మళ్ళీ రోడ్డు వేస్తుంటే పాత రోడ్డును గీకి వేయమని వీధి వారందరూ కలిసి రాతపూర్వకంగా అడగండి. పాతదాని మీదే వేస్తూపోతే ఒక్కో పొరకు మీ గుమ్మం అంత పల్లమవుతుంది. కొత్తగా కట్టేవారికి చుట్టుపక్కల నేల మీద 45 సెంటీమీటర్ల పునాది ఎత్తు కనీసం అని జాతీయ భవన నియమావళి చెబుతుంది. సింగ్‌నగర్, పాయకాపురం వైపు అది చాలదని మా అభిప్రాయం.

ప్రశ్న: మా పక్క ఖాళీ స్థలం మాకంటే పల్లం, మా వాకిటి నీరు ఎప్పుడూ అటే పోయేది. ఇప్పుడు వాళ్ళు మూడడుగులు మెరక చేసి గోడ కట్టారు. నీళ్ళు మా దగ్గరే నిలుస్తున్నాయి. అడిగితే "మా స్థలం మా ఇష్టం" అంటున్నారు.
— ఒక పాఠకుడు, బ్రాడీపేట

జవాబు: పూర్తిగా వాళ్ళ ఇష్టం కాదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఏడో సెక్షన్ ప్రకారం, ఎగువ నేల మీద పడి సహజంగా పారే నీటిని దిగువ నేల యజమాని పారనివ్వాలి. అయితే ఆ హక్కు నేల మీద పడి పారే వానకే. డాబా గొట్టంతో పోగుచేసిన నీటిని, వాడుక నీటిని పక్కవారి వైపు వదిలే హక్కు మీకు దాని వల్ల రాదు. కాబట్టి ముందు మీ గొట్టాలు ఎటు తిరిగి ఉన్నాయో చూసుకోండి.

కోర్టుకు వెళ్ళేలోగా సమస్య తీరే మార్గం ఒకటుంది. ఉమ్మడి గోడ వెంట మీ వైపున తొమ్మిది అంగుళాల వెడల్పు కాలువ తీసి వీధిలోకి పంపడం. వందకు ఒకటి వాటం పెట్టండి, అంటే అరవై అడుగుల పొడవులో ఏడంగుళాల దింపుడు. ట్యూబ్ లెవెల్‌తో ముందు వీధి కాలువ అడుగు, మీ వాకిలి వెనక మూల రెండూ కొలిపించండి. వీధి కాలువే మెరకలో ఉంటే ఈ పని వృథా, అప్పుడు చిన్న సంపు, మోటారు తప్పవు. మెరక చేసిన మట్టి మీ గోడ మీద ఒత్తిడి పెడుతోందేమో కూడా చూడండి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ మూడడుగుల తడి మట్టిని ఆపడానికి కట్టింది కాదు. గోడ వాలితే ఫోటోలతో ప్లానింగ్ కార్యదర్శికి వెంటనే ఫిర్యాదు ఇవ్వండి.

ప్రశ్న: ఇంటి ముందు సైడు కాలువ మీద కాంక్రీటు ర్యాంపు పోశాం. కార్పొరేషన్‌వాళ్ళు పగలగొడతామంటున్నారు. పక్క ఊళ్ళో ఊరుకుంటున్నారట కదా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఏ ఊళ్ళోనూ అనుమతి లేదు. ర్యాంపు వాటం మీ గేటు లోపల రావాలి. కాలువ మీద రెండడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందం ఉన్న విడి పలకలు, ఎత్తడానికి కొక్కేలతో వేసుకోండి. పారతో పూడిక తీయడానికి అవి లేవాలి. కాలువకు అడ్డంగా వేసిన మంచినీటి గొట్టం ఉంటే ముందు దాన్ని మార్పించండి. కవర్లన్నీ చిక్కుకునేది దానికే.

ప్రశ్న: తాడేపల్లిలో మా అపార్టుమెంటు సెల్లార్‌లోకి ఏటా నీళ్ళొస్తాయి. మేము విజయవాడ రూల్సు కిందికి వస్తామా, గుంటూరు కిందికా? మోటారు ఎంతది పెట్టాలి?
— ఫ్లాట్ల సంఘం తరఫున

జవాబు: 2021లో ఏర్పడిన మంగళగిరి-తాడేపల్లి నగరపాలక సంస్థ మీది, పుస్తకం మాత్రం అదే. సర్వే నెంబరు రాజధాని నగర పరిధిలో ఉంటే రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏను అడగాలి. మీ వైపు నీటి కథ కొండవీటి వాగుది. కృష్ణ నిండుగా ఉంటే వాగు నీరు వాటంగా నదిలో పడలేదు, అందుకే ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కుల ఎత్తిపోతల కట్టారు.

సెల్లార్‌లోకి నీరు రావడానికి దారులు మూడు: ర్యాంపు మీద పడే వాన, రోడ్డు నుంచి పొర్లే నీరు, గోడల ఊట. రోడ్డు నీటికి ర్యాంపు మొదట్లో ఆరంగుళాల గట్టు చాలావరకు ఆపుతుంది. కార్లు ఎక్కగలిగేలా రెండు వైపులా వాటం ఇవ్వాలి. ర్యాంపు 4 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల పొడవు అనుకుంటే 60 చదరపు మీటర్లు. గంటకు 60 మిల్లీమీటర్ల వానకు నిమిషానికి 60 లీటర్లు. దీనికి ఒక హెచ్‌పీ డీవాటరింగ్ పంపు ఎక్కువే. అయినా రెండు పెట్టండి, ఒకటి చెడితే ఇంకొకటి. ర్యాంపు అడుగున జాలీ కాలువ, దాని చివర కనీసం 1,000 లీటర్ల సంపు, ఫ్లోట్ స్విచ్, డెలివరీ గొట్టానికి ఎన్‌ఆర్‌వీ ఉండాలి. డెలివరీ గొట్టం రోడ్డు మట్టానికి పైగా వంపు తిరిగి దిగాలి, లేకపోతే పంపు ఆగగానే వీధి నీరు వెనక్కి వస్తుంది. స్టార్టర్ ప్యానెల్ సెల్లార్‌లో కాకుండా పై అంతస్తులో పెట్టి జనరేటర్ లైను ఇప్పించండి, గట్టి వానలో మొదట పోయేది కరెంటే. జూన్ మొదటివారంలో సంపులో నీళ్ళు పోసి ఫ్లోట్ తనంతట తాను పంపును ఆన్ చేస్తుందో లేదో వాచ్‌మన్‌తో కలిసి సంఘం కార్యదర్శి స్వయంగా చూడాలి.